తలుపు వెనక మేకు

"ఆ కిటికీ సందులోంచి ఇంకా వస్తోంది. దుప్పటి కూడా చింపాలి తాతగారూ" అంది పెద్దకోడలు, ముక్కుకి తడి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

గడియారాల తాత తన దుప్పటి వంక ఒకసారి చూసుకున్నాడు. పై వాటాలో ఉన్న ఆ ఒక్క గదిలో అద్దెకుంటూ, జనం తెచ్చిచ్చే గడియారాలు బాగుచేసుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతికే మనిషి. పొద్దున్నుంచి ఇంటివాళ్ళ కుటుంబం మొత్తం వచ్చి ఆ గదిలో పడింది. కర్టెన్లు పోయాయి. తువ్వాళ్ళు పోయాయి. దిండు గలీబులు పోయాయి. అన్నీ తడిసి, తలుపు కిందా కిటికీ రెక్కల మధ్యా దూరిపోయాయి.

"చింపమ్మా. చలికాలం సంగతి చలికాలంలో చూసుకుందాం" అన్నాడు.

దుప్పటి పర్రున చిరిగింది. పెద్దకోడలు ఆ పేలికల్ని డ్రమ్ములో ముంచి, పిండకుండానే తెచ్చి కిటికీ సందులో కుక్కింది. ఆ డ్రమ్ము గురించి ఒకమాట చెప్పాలి. దాన్ని గదిలో పెట్టుకున్నందుకు తాతతో ఆమె పడని తగువు లేదు. స్లాబు మీద బరువు పడుతుందని, దోమలు చేరతాయని, ఒంటిమనిషికి అన్ని నీళ్ళెందుకని వీధంతా వినేలా అడిగేది. మధ్యాహ్నం కాకుండానే నువ్వు మోటారు కట్టేస్తావు గనక నాకు డ్రమ్ము కావాల్సొచ్చిందని ఆయన జవాబు. ఇప్పుడు ఐదు ప్రాణాలు ఆ డ్రమ్ములో నీళ్ళ మీదే ఆధారపడి ఉన్నాయి. తాత ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే పెద్దకోడలికి మరీ కష్టంగా ఉంది.

కింద వాటా సగానికి మునిగిపోయింది. నీళ్ళు ఒక్కొక్క మెట్టే మింగుతూ పైకొస్తున్నాయి. ఏటిగట్టు తెగి, ఏరు వీధిలోకి వచ్చేసింది. అదొక్కటే అయితే డాబా ఎక్కి, పడవ కోసం చేతులూపుతూ కూర్చునేవాళ్ళు. కానీ నీళ్ళ వెనకాలే గాలి వచ్చింది. వీధి చివరున్న ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలింది. కళ్ళు మండించి గొంతు పట్టుకునే ఆ గాలి, తెల్లటి పొగలా నీళ్ళ మీదుగా పాకుతూ వచ్చి ఇళ్ళని చుట్టేసింది. కిందికి దిగితే నీళ్ళు, డాబా ఎక్కితే ఆ గాలి. మధ్యలో ఈ గది.

వాన కురవడం ఎవరి చేతుల్లోనూ లేదు, నిజమే. కానీ గట్టు మట్టిని లారీలకెత్తి ఇటుకబట్టీలకి తోలింది వాన కాదు. ఇళ్ళ మధ్య అమ్మోనియా ట్యాంకు పెట్టుకోమని సంతకం చేసిందీ వాన కాదు. రేపో ఎల్లుండో ఎవరో పెద్దమనిషి పడవలో వస్తాడు. ప్రకృతి ముందు మనమెంత అని నిట్టూర్చి, బూట్లు తడవకుండా వెళ్ళిపోతాడు. పోయినసారి నీళ్ళొచ్చినప్పుడూ అదే జరిగింది, గడియారాల తాత కళ్ళారా చూశాడు.

ఫ్యాక్టరీ సైరను మోగుతూనే ఉంది. పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది.

"దాన్నెవరైనా ఆపితే బాగుండు. బుర్ర తొలిచేస్తోంది" అంది చిన్నకోడలు.

గోడకి చేరగిలబడి, వాచిన మోకాలి మీద చెయ్యేసుకుని కూర్చున్న పెద్దకొడుకు తలెత్తాడు. అన్నదమ్ములిద్దరూ ఆ ఫ్యాక్టరీలోనే మిషను ఆపరేటర్లు. వీధిలో వాళ్ళని పేర్లు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, పెద్దాపరేటరు, చిన్నాపరేటరు, అంతే. పొద్దున డ్యూటీలో ఉన్నది పెద్దవాడు. నీళ్ళొస్తున్నాయని తెలియగానే చిన్నవాడు మోకాటిలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళి, అమ్మని పైకి మోయబోతే నడుం పట్టేసిందని, నువ్వెళ్ళి ఆ పని చూడమని, ఇక్కడ నేనుంటానని అన్నని ఇంటికి తోలాడు. పెద్దవాడు వచ్చాడు. తల్లిని వీపున వేసుకుని మెట్లెక్కాడు. పైమెట్టు మీద కాలు జారి మోకాలు విరగ్గొట్టుకున్నంత పని చేసుకున్నాడు గానీ, తల్లిని మాత్రం పడనివ్వలేదు.

"మోగనీ అమ్మాయ్" అన్నాడు మరదలితో. "కరెంటు పోయిందిగా. అది చేత్తో తిప్పే సైరను. తిప్పేది వాడే."

చిన్నకోడలు అంతసేపూ తిట్టిన ఆ మోతనే ఇప్పుడు చెవులొగ్గి వింటూ కూర్చుంది. కాసేపటికి ఆమె మొహంలోకి కాస్త రంగు కూడా వచ్చింది.

మంచం మీద పడుకున్న అత్తగారికి చెవుడు. దానికి తోడు ఉబ్బసం. చెవులు పోయిన దగ్గర్నుంచి ఆవిడ మనుషుల మొహాలు చదవడం నేర్చుకుంది. చిన్నకోడలి మొహంలో మార్పు చూసి, ఏమిటే అని అడిగింది. సైరను మోగుతోందని, మోగిస్తున్నది మీ చిన్నబ్బాయేనని ఆమె చెయ్యి గుండ్రంగా తిప్పి చూపిస్తూ చెప్పింది.

అప్పట్నుంచి ఆవిడకి అదే పని అయింది. కాస్త కునుకు పట్టినట్టుండేది, అంతలోనే కళ్ళు తెరిచేది.

"ఇంకా మోగుతోందా?"

"మోగుతోంది అత్తయ్యా."

ఆ రెండు మాటలూ కోడలి పెదవుల మీద చూసుకుని మళ్ళీ కళ్ళు మూసుకునేది.

పెద్దకొడుకు అందరికీ ధైర్యం చెప్పాడు. ట్యాంకు పక్కనే ఇనప చక్రం ఉంటుందని, దాన్ని తిప్పి బిగిస్తే గాలి ఆగిపోతుందని, తమ్ముడికి అదేం కొత్తపని కాదని అన్నాడు. ఆ గాలి దగ్గరికి ఉత్త మొహంతో ఎవడూ పోలేడు, కానీ మాస్కు పెట్టుకుంటే భయం లేదన్నాడు. కాస్త ఓపిక పట్టమన్నాడు.

అందరూ ఓపిక పట్టారు. గుడ్డలు ఆరాయి, మళ్ళీ తడిపారు, మళ్ళీ ఆరాయి. డ్రమ్ములో చెంబు అడుక్కి తగిలి చప్పుడైంది. గాలి మాత్రం తగ్గలేదు, ఇంకా చిక్కబడింది.

"కట్టేస్తాడన్నారు" అంది చిన్నకోడలు చివరికి. "కట్టేయాల్సిన మనిషి సైరను తిప్పుతూ ఎందుకు కూర్చున్నాడు బావగారూ?"

పెద్దకొడుకు నీళ్ళు అడ్డమొచ్చి ఉంటాయన్నాడు. చక్రం బిగుసుకుపోయి ఉంటుందన్నాడు. ఏది చెప్పినా ఆయన మాటలో ఆయనకే పట్టు దొరకడం లేదు. ఇదంతా చూస్తున్న పెద్దకోడలికి మండుకొచ్చింది. మోకాలు పోగొట్టుకుని అత్తయ్యని మోసుకొచ్చిన మనిషిని పట్టుకుని పోలీసువాడిలా ఆరా తీస్తావేమని తోడికోడల్ని అడిగేసింది.

"అడగడం కూడా తప్పేనా అక్కా? అక్కడున్నది నా మనిషి."

"నీకొక్కదానికేనా? నాకు మరిది కాడా?"

"మరిదే. మీ మనిషి ఇక్కడున్నాడు కదా."

గడియారాల తాత అవసరం లేకపోయినా ఒక గోడగడియారం విప్పి, అందులోకి తొంగిచూస్తూ కూర్చున్నాడు. ఆ తోడికోడళ్ళు ఒకళ్ళనొకళ్ళు అనుకోని మాట లేదు. ఉప్పు దగ్గరా పప్పు దగ్గరా అనుకునేవన్నీ సాయంత్రానికి సర్దుకునేవి. ఇది సర్దుకునే మాట కాదని ఇద్దరికీ తెలుసు. అన్నందుకు చిన్నదానికి కష్టంగా ఉంది, పడ్డందుకు పెద్దదానికీ కష్టంగా ఉంది.

తలుపు కింద ఇంకో గుడ్డ కావాల్సొచ్చింది. చింపడానికి గదిలో ఇంకేం మిగల్లేదు. కుర్చీకి తగిలించిన మొగుడి డ్యూటీ సంచీ పెద్దకోడలికి కనిపించింది. అందులో ఫ్యాక్టరీ చొక్కా ఉంటుంది కదా అని చెయ్యి పెట్టింది. చొక్కా దొరికింది. చొక్కా కింద ఇంకేదో రబ్బరులా చల్లగా తగిలింది.

మాస్కు.

దాని సంగతి ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. మిషను గదికి ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిందే ఒక్క మాస్కు. రెండోది వస్తుందన్నారు, ఇప్పటికీ వస్తూనే ఉంది. అక్కడ వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని, డ్యూటీ దిగినవాడు దాన్ని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చి, వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించేవాడు. మిషన్లు చల్లారే వేళకి ఒకడు ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే, ఇంకొకడు లేచి, మేకు మీంచి మాస్కు తీసుకుని డ్యూటీకి వెళ్ళేవాడు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. అన్నదమ్ములిద్దరూ దాన్ని చేతులు మార్చుకున్న రోజంటూ లేదు. ఇచ్చేదీ మేకే, పుచ్చుకునేదీ మేకే.

ఇవ్వాళ డ్యూటీ మారింది ఇంట్లో కాదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర, నీళ్ళలో. అక్కడ మేకు లేదు. మేకు లేని చోట మాస్కు ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దవాడు రోజూలాగే సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. డ్యూటీలో ఉన్నవాడి దగ్గర మాస్కు ఉంటుందన్న ధైర్యంతో చిన్నవాడు ఉండిపోయాడు.

పెద్దకోడలికి ఇదంతా ఒక్క క్షణంలో అర్థమైంది. మొగుడి వంక చూసింది. ఆయన కళ్ళు మూసుకుని సైరను వింటున్నాడు. ఇప్పుడు ఇది పైకి తీస్తే ఆయన ఆగడు. ఆ కాలితోనే నీళ్ళలో దిగుతాడు, దిగితే తిరిగి రాడు. ఆమె మాస్కుని సంచీ అడుక్కి తోసేసి, చొక్కా ఒక్కటే బయటికి లాగింది.

ఆమె చెడ్డ మనిషి కాదు. భయపడింది, అంతే.

తలెత్తేసరికి గడియారాల తాత ఆమెనే చూస్తున్నాడు. కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని తన గడియారం మీదికి వంగాడు. ఆమె చొక్కా తడిపి తలుపు కింద కుక్కింది.

అత్తగారి ఊపిరి అప్పుడే ఎగబీల్చడం మొదలైంది. ఉబ్బసం మందు కింద వాటాలో, నీళ్ళ అడుగున ఎక్కడో ఉంది. తడిగుడ్డ ముక్కుకి పెడితే ఆవిడకి ఆ వచ్చే కాస్త గాలీ ఆడటం లేదు, తీస్తే దగ్గుతో వంకర్లు పోతోంది. చిన్నకోడలు వెనక కూర్చుని ఆవిడని తన గుండెలకి ఆనించుకుంది. వీపు నిమురుతూ, నెమ్మదిగా అత్తయ్యా, నెమ్మదిగా అంటూ ఉంది. తన మొగుడి గురించిన బెంగని ఆ కాసేపు పక్కన పెట్టేసింది. అత్తగారి పెదవులు నల్లబడ్డాయి. గోళ్ళు నల్లబడ్డాయి. పెద్దకొడుకు నేల మీద పాక్కుంటూ మంచం దగ్గరికి వచ్చి తల్లి పాదాలు రుద్దుతున్నాడు. చెయ్యడానికి ఇంకేమీ లేనివాళ్ళు అలాగే చేస్తారు.

పెద్దకోడలు గోడకి ఆనుకుని ఇదంతా చూసింది. ఎంతసేపని చూడగలదు? ఈ ఇంటికి వచ్చిననాటి నుంచి ఆవిడ చేతి అన్నం తిన్న మనిషి. సంచీ దగ్గరికి వెళ్ళింది. మాస్కు బయటికి తీసింది. ఎవరి మొహమూ చూడకుండా తీసుకొచ్చి అత్తగారి మొహానికి పెట్టి, పట్టీ తల వెనక్కి లాగింది.

ఊపిరి వెంటనే కుదుటపడలేదు. కొద్దికొద్దిగా ఎగబీల్పు తగ్గింది. గోళ్ళ నలుపు విరిగింది.

చిన్నకోడలి చెయ్యి అత్తగారి వీపు మీదే ఆగిపోయింది. ఆమె చూస్తున్నది మాస్కు పట్టీని. పోయిన నెల అది తెగిపోతే, తన పాత గౌను అంచు కోసి, నీలం గుడ్డతో రెండు వరసలు కుట్టింది తనే.

"ఇది ఇక్కడెందుకుంది?" అంది.

పెద్దకొడుకు ఆ మాస్కుని చూశాడు, కుర్చీకి వేలాడుతున్న సంచీని చూశాడు.

"మేకు" అన్నాడు. "గేటు దగ్గర వాడు అడగలేదు. నేను ఇవ్వలేదు. నాకసలు... ఇంటికెళ్ళి మేకుకి తగిలించాలనే ఉంది నా బుర్రలో."

సైరను పెరిగింది, తగ్గింది, పెరిగింది. ఇప్పుడది ఎందుకు మోగుతోందో గదిలో అందరికీ తెలుసు. మాస్కు లేనివాడు చక్రం దగ్గరికి పోలేడు. వాడు చెయ్యగలిగింది ఒక్కటే. ట్యాంకుకి ఎదురుగా, సైరను ఉన్న మేడ వరండాలో నిలబడి, ఇటు రావద్దని, తలుపులు మూసుకోమని వీధికి చెప్పడం. అక్కడ నిలబడ్డవాడి మొహానికి ఆ గాలి కొట్టకుండా ఉండదు. గది లోపలికి పోయి తలుపేసుకోవచ్చు. పోలేదు, తిప్పుతున్నాడు.

పెద్దకొడుకు మంచం కోడు పట్టుకుని లేచాడు. నేను వెళ్తానన్నాడు. రెండో అడుగుకే మోకాలు మడతపడి, తాత పనిబల్ల మీద పడి, గడియారాలతో సహా నేలకి జారాడు. మళ్ళీ లేవబోయాడు. తాత ఆయన భుజాల మీద రెండు చేతులూ వేసి ఆపేశాడు.

మొగుడు వెళ్ళలేడని తెలియగానే పెద్దకోడలికి ముందు హాయి అనిపించింది. ఆ తర్వాత ఆ హాయికి సిగ్గుపడింది. తలెత్తి తోడికోడలి వంక చూడలేకపోయింది.

"ఆ చక్రం ఎక్కడుందో చెప్పండి బావగారూ" అంది చిన్నకోడలు.

మతిపోయిందా అన్నాడు ఆయన. వీధిలో నీళ్ళు గుండెల దాకా ఉంటాయన్నాడు. ఫ్యాక్టరీ దగ్గర ఇంకా లోతన్నాడు. పెద్దకోడలు కూడా వద్దనబోయింది.

"పడవవాడి కూతుర్ని అక్కా. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి పడవపిల్లా పడవపిల్లా అని ఏడిపించింది మీరే కదా. నీళ్ళు నాకు కొత్త కాదు."

ఏడిపించిన మాట నిజం.

ఆయన చెప్పాడు. గేటు దాటగానే ఎడమచేతి వైపు, గోడ పట్టుకుని వెళ్తే ట్యాంకు. దాని నడుము దగ్గర ఎర్రరంగు చక్రం. అది ఎటు తిప్పాలో ఆయన గాల్లో చెయ్యి తిప్పి చూపిస్తుంటే, ఆ చేతి వణుకులో కుడో ఎడమో తెలియకుండా పోయింది. గడియారాల తాత కింద పడ్డ గోడగడియారం ఎత్తి ఆమె ముందు పెట్టి, ముల్లుని వేలితో నడిపించాడు.

"ఇదిగో, ముల్లు తిరిగేవైపు. గాభరాలో ఎటో తెలియకపోతే గడియారం తల్చుకో తల్లీ."

అన్నీ చెప్పడం అయింది. వినడం అయింది. ఇక మిగిలింది ఒక్కటే, మాస్కు. అది అత్తగారి మొహానికి ఉంది. ఆ మొహంలోకి ఇప్పుడిప్పుడే మనిషి రంగు తిరిగొస్తోంది. దాన్ని తీయమని ఎవరైనా అడగాలి. కొడుకు అడగలేడు, అటు తల్లి, ఇటు తమ్ముడు. పెద్దకోడలికి అడిగే మొహం లేదు. తాత పరాయివాడు. చిన్నకోడలు చెయ్యి చాచింది, చాచిన చేత్తో అత్తగారి నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

అప్పుడు సైరను తగ్గింది. ఎప్పటిలాగే తగ్గింది. మళ్ళీ పెరుగుతుందని అందరూ ఊపిరి బిగబట్టారు.

పెరగలేదు.

అంతసేపూ ఆ మోత కింద వినపడకుండా ఉన్న చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. మెట్ల మీద నీళ్ళు. ఎక్కడో ఒక కుక్క. గోడ మీద తాత గడియారాలు, దేని దారి దానిదే. పెద్దకొడుకు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. చిన్నకోడలు కదల్లేదు. ఏడవలేదు.

అత్తగారికి ఏమీ వినపడలేదు, కానీ నాలుగు మొహాలు ఒకేసారి మారడం చూసింది. చేత్తో మాస్కు పైకెత్తింది.

"ఏమైందే? ఇంకా మోగుతోందా?"

ఇప్పుడు బద్దలవుతుందని పెద్దకోడలు అనుకుంది. పట్టుకోవడానికి ఒక అడుగు ముందుకి కూడా వేసింది. చిన్నకోడలు అత్తగారి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆవిడకి బాగా కనపడేలా మొహం దగ్గరగా పెట్టింది. ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పింది.

"మోగుతోంది అత్తయ్యా."

ఆవిడ కోడలి పెదవుల్ని చాలాసేపు చూసింది. తర్వాత చేతిలో ఉన్న మాస్కునీ, దాని నీలం పట్టీనీ చూసింది.

"ఇది వంటింటి మేకుకి ఉండాల్సింది కదే. వాడి దగ్గర లేదా?"

"లేదు అత్తయ్యా."

"మరి నా మొహానికి తగిలించారేం? బుద్ధుందా మీకు?" అంటూనే ఆవిడ పట్టీ తల మీంచి లాగేసింది. దగ్గు తెర ఆగేదాకా ఆగి, మాస్కు కోడలి ఒళ్ళో పెట్టింది. "వాడికి తీసుకెళ్ళు. వాడు ఉన్నాడుగా. తిప్పుతున్నాడుగా."

ఆగిపోయిందని నిజం చెప్పి ఉంటే ఆవిడ ఇచ్చేదా? ఆ ప్రశ్న చిన్నకోడలి మొహంలో ఒక్కసారి కనిపించి పోయింది. ఒక ప్రాణం దగ్గర అబద్ధమాడి ఇంకో ప్రాణం కోసం తీసుకెళ్తున్నాననే ఆమె అనుకుంది. అయినా తీసుకుంది.

పెద్దకోడలు వెనక నిలబడి పట్టీ బిగించింది. జుట్టు చిక్కుకోకుండా విడిపించి, రెండో ముడి కూడా వేసింది. ఏదో ఒకటి చెప్పాలని ఉంది, సంచీ సంగతి ఒప్పేసుకోవాలని ఉంది. ఆ నీలం గుడ్డ మీద వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయింది.

"అక్కా" అంది చిన్నకోడలు, మాస్కు లోపల్నుంచి గొంతు ఎక్కడో దూరాన ఉన్నట్టు. "అత్తయ్య మళ్ళీ అడుగుతుంది. ఈసారి మీరు చెప్పాలి."

తలుపు కింద గుడ్డలు తీశారు. మనిషి పట్టేంత సందు చేసి ఆమె బయటికి జారింది. గాలి బుస్సున లోపలికొచ్చి అందరి కళ్ళూ మూతపడ్డాయి. కళ్ళు తుడుచుకుని తలుపు వెయ్యబోయేసరికి ఏదో అడ్డం పడింది. బక్కెట్టు. డ్రమ్ములో నీళ్ళయిపోవడం ఆమె ఎప్పుడు చూసిందో, తాత గదిలోని బక్కెట్టు ఎప్పుడు చేతిలోకి తీసుకుందో ఎవరూ గమనించలేదు. మెట్లు దిగి వరదనీళ్ళు నిండా ముంచి తెచ్చి, సందులోంచి లోపలికి తోసింది. తర్వాత తనే బయట్నుంచి తలుపు లాగింది.

నీళ్ళలో మనిషి దిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు.

పెద్దకోడలు గుడ్డలన్నీ మళ్ళీ తలుపు కింద కుక్కింది. తన తోడికోడలు వెళ్ళిన దారినే తన చేత్తో మూస్తున్నానని ఆమెకి తెలుస్తూనే ఉంది. వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. ఆవిడ ఊపిరి మళ్ళీ గరగరమంటోంది. తాత నేల మీద పడ్డ గడియారాలు ఏరుతున్నాడు. కొడుకు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇంకా మోగుతోందా?" అంది ముసలావిడ.

పెద్దకోడలు వంగింది. తోడికోడలు చెప్పినట్టే చెప్పాలని, పెదవులు విడదీసి, నవ్వు కూడా తెచ్చుకుంది.

"మోగుతోంది అత్తయ్యా."

ఆవిడ ఆ మొహం వంక చూసింది. చెయ్యెత్తి కోడలి చెంప మీద పెట్టింది.

"నీకు అబద్ధమాడటం చేతకాదే" అంది. "దానికీ చేతకాలేదు."

పెద్దకోడలు వెనక్కి తిరిగి తలుపు వంక చూసింది. ఈ మాట ఇప్పుడు ఎవరికి చెప్పాలి, వినాల్సిన మనిషి ఏ లోతులో ఉందో.

"ఆ గుడ్డ తడిపి ఇలా ఇవ్వు" అంది అత్తగారు, దగ్గు మధ్యలో. "అది తిరిగొచ్చేదాకా నేనుండాలి."

పెద్దకోడలు తలుపు దగ్గరున్న బక్కెట్టులో గుడ్డ ముంచింది. బురద నీళ్ళు. పిండకుండానే తెచ్చి ఆవిడ మొహం మీద పరిచింది.